కొత్త బ్యాటరీ వేసినా పొద్దున సెల్ఫ్ బరువుగా తిరుగుతోంది, ఎక్కడ వెతకాలి?

రాత్రిబండి

అందరికీ నమస్కారం. నాది పాత పెట్రోల్ కారు, మాన్యువల్ గేరు. పొద్దున మొదటిసారి కీ తిప్పగానే సెల్ఫ్ చాలా బరువుగా తిరుగుతుంది. ఒక్కోసారి సగం తిరిగి ఆగిపోతుంది. ఇంకోసారి తిప్పితే ఎలాగో స్టార్ట్ అవుతుంది. ఇంజన్ వేడెక్కాక ఈ బాధ పెద్దగా ఉండదు.

పాత బ్యాటరీ పోయిందంటే కొత్తది వేయించాను. కొన్నాళ్ళు కాస్త నయం అనిపించింది, తర్వాత మళ్ళీ మామూలే. మీటరు పెట్టి చూశాను. బండి ఆపి ఉంటే 12.6 వోల్టులు, ఇంజన్ నడుస్తూ హెడ్‌లైట్లు, ఫ్యాను ఆన్‌లో ఉంటే 13.8. రెండూ బాగానే ఉన్నాయి కదా? మెకానిక్ సెల్ఫ్ మోటారు మార్చేద్దామంటున్నాడు. మార్చే ముందు ఇంకేమైనా చూడాలా? పొద్దున లేస్తూనే బండి స్టార్ట్ అవుతుందా లేదా అన్న టెన్షనే.

గేరుబాక్సు

సెల్ఫ్ మోటారే అండీ. లోపల కార్బన్ బ్రష్‌లు అరిగినా, బుష్‌లు అరిగి ఆర్మేచర్ (లోపల తిరిగే భాగం) రాసుకున్నా ఇలాగే బరువెక్కుతుంది. విప్పి సర్వీసు చేయించండి.

మీటరు మాస్టారు

రాత్రిబండి గారూ, ఇప్పుడే ఏదీ విప్పకండి. గేరుబాక్సు గారు చెప్పింది నిజమయ్యే అవకాశం ఉంది. కానీ అదే కారణమని తేల్చే కొలత ఇంకా ఎవరూ తీసుకోలేదు.

బండి ఊరికే ఉన్నప్పుడు 12.6 అంటే బ్యాటరీ నిండుగా చార్జ్ అయి ఉందని అర్థం, అంతే. లోపల ఆరు సెల్లులు, ఒక్కోటి 2.1 వోల్టులు. 12.4 ఉంటే ముప్పావు వంతు, 12.2 ఉంటే సగం, 12.0కి వస్తే పావు వంతు మిగిలినట్టు. అడిగినప్పుడు ఆ బ్యాటరీ కరెంటు ఇవ్వగలదా, ఇచ్చిన కరెంటు సెల్ఫ్ దాకా చేరుతోందా అన్నది ఆ అంకె చెప్పదు. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు 100, 150 ఆంపియర్లు, పెద్ద ఇంజన్లలో ఇంకా ఎక్కువే లాగుతుంది. అసలు సంగతి ఆ క్షణంలో కొలిస్తేనే బయటపడుతుంది.

ఇలా చేయండి. ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసేయండి, అప్పుడు సెల్ఫ్ తిరిగినా ఇంజన్ నడుస్తూ ఉండదు. గేరు న్యూట్రల్, హ్యాండ్ బ్రేకు. మీటరును డీసీ 20 వోల్టుల రేంజ్‌లో పెట్టి, ముల్లులను బ్యాటరీ స్తంభాల మీదే ఆనించండి, వాటికి బిగించిన కేబుల్ క్లాంపుల మీద వద్దు. పక్కన ఒకరిని కూర్చోబెట్టి నాలుగైదు సెకన్లు కీ తిప్పించండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడే చేయాలి.

అంకె 9.6 కంటే కిందికి పడిపోతే రెండు అనుమానాలు: బ్యాటరీకి సత్తువ లేకపోవడం, లేదా సెల్ఫ్ మితిమీరి లాగడం. 11కి పైన నిలబడి కూడా సెల్ఫ్ బరువుగా తిరుగుతుంటే కరెంటుకు దారిలో ఎక్కడో అడ్డు ఉన్నట్టు. 12కి పైనే ఉండి సెల్ఫ్ అసలు కదలకపోతే రిలే, సొలినాయిడ్ (సెల్ఫ్‌కు కరెంటు కలిపే స్విచ్‌లు), కీ స్విచ్, క్లచ్ స్విచ్ వైపు చూడాలి.

పాతడీజిల్

డైనమో (ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీని చార్జ్ చేసేది) సంగతి కూడా తేల్చుకోండి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ నెగటివ్ క్లాంపు తీసేయండి. ఇంజన్ ఆగకపోతే డైనమో బాగున్నట్టు. మేము అందరం అలాగే చూసేవాళ్ళం.

ఇంజన్ గది

పాతడీజిల్ అన్నా, దయచేసి ఈ సలహా ఎవరూ పాటించకూడదు. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ తీసేస్తే డైనమో నుంచి వచ్చే కరెంటును పీల్చుకునేది ఏదీ ఉండదు. రెగ్యులేటర్ తేరుకునే లోపే వోల్టేజీ కొన్ని పదుల వోల్టులు ఎగబాకుతుంది. ఎలక్ట్రానిక్స్ ఏమీ లేని పాత బండ్లు దాన్ని తట్టుకున్నాయి. ఇప్పటి బండ్లలో ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్), ఏబీఎస్, డ్యాష్‌బోర్డు అన్నీ ఆ లైను మీదే ఉంటాయి. మీటరు పెట్టి చూస్తే తేలిపోయే విషయానికి ఈసీయూని పణంగా పెట్టడం ఎందుకు?

పాతడీజిల్

పాత డీజిల్ బండ్లకైతే నడిచింది తమ్ముడూ. కొత్త వాటికి మీరన్నట్టే చేయమనండి, నాకేం అభ్యంతరం లేదు.

రాత్రిబండి

మాస్టారూ, పొద్దున కొలిచాను. సెల్ఫ్ బరువుగా తిరుగుతున్నంత సేపూ బ్యాటరీ మీద 11.5 దగ్గరే ఉంది. కిందికి పడలేదు.

మీటరు మాస్టారు

చాలా మంచి కబురు. బ్యాటరీ నిర్దోషి. ఇంజన్ బరువుగా తిరుగుతున్నా బ్యాటరీ 11.5 దగ్గర నిలబడిందంటే దాన్ని ఎవరూ గట్టిగా అడగడం లేదు. పైపులో చెత్త ఇరుక్కుంటే ట్యాంకు నిండుగా ఉన్నా కుళాయి సన్నగా కారినట్టే ఇదీ. ఆ అడ్డు మూడు చోట్లలో ఒకచోట ఉండాలి: పాజిటివ్ కేబుల్ దారి, ఎర్త్ దారి (కరెంటు తిరిగి బ్యాటరీ నెగటివ్‌కు చేరే దారి), లేదా సెల్ఫ్ లోపలి బ్రష్‌లు.

అడ్డు ఎక్కడుందో అక్కడే వోల్టేజీ పోగవుతుంది. కేబుల్‌కు ఈ చివర ఒక ముల్లు, ఆ చివర ఒక ముల్లు పెట్టి సెల్ఫ్ కొట్టిస్తే, మధ్యలో ఎన్ని వోల్టులు పోతున్నాయో మీటరే చెబుతుంది.

మొదటి కొలత: బ్యాటరీ పాజిటివ్ స్తంభం నుంచి సెల్ఫ్ మీద లావు కేబుల్ బిగించే బోల్టు దాకా. సెల్ఫ్ తిరుగుతుండగా అర వోల్టుకు మించకూడదు.
రెండో కొలత: బ్యాటరీ నెగటివ్ స్తంభం నుంచి ఇంజన్ బ్లాకు మీద పెయింటు లేని శుభ్రమైన లోహం దాకా. ఇక్కడ 0.2 వోల్టులకు లోపే ఉండాలి.

రెండూ బాగుండి కూడా సెల్ఫ్ బరువుగా ఉంటే గేరుబాక్సు గారి మాటే నిజం, సెల్ఫ్ విప్పాల్సిందే.

కొత్తవాణ్ణి

మధ్యలో వచ్చినందుకు ఏమీ అనుకోకండి. కేబుల్‌కు ఆ చివర నుంచి ఈ చివరకి మీటరుతో కంటిన్యుటీ చూస్తే చాలదా? బీప్ వస్తే బాగున్నట్టే కదా?

ఇంజన్ గది

చాలదు. కేబుల్‌లో పోగులన్నీ తెగిపోయి ఒక్క పోగు మిగిలినా బీప్ వస్తుంది. మీటరు ఆ పరీక్షలో పంపేది అతి చిన్న కరెంటు, ఒక్క పోగు దాన్ని హాయిగా మోస్తుంది. 150 ఆంపియర్లు అదే పోగు మోయలేదు. 0.01 ఓమ్ అడ్డు ఉంటే మామూలు మీటరు దాన్ని సున్నా అనే చూపిస్తుంది. కానీ 150 ఆంపియర్ల దగ్గర ఆ సున్నా అనుకున్నదే ఒకటిన్నర వోల్టును మింగేస్తుంది. అందుకే లావు కేబుళ్ళను ఓమ్‌లలో కొలవకూడదు, కరెంటు పారుతుండగా వోల్టులలోనే కొలవాలి.

ఇంకో సంగతి. క్లాంపు దగ్గర పచ్చటి చిలుము కనిపిస్తే పైపైన తోమి వదిలేయకండి. కేబుల్‌ను వేళ్ళతో వంచి చూడండి. తొడుగు లోపల కరకరలాడినట్టు ఉన్నా, ఉబ్బినట్టు ఉన్నా చిలుము లోపలికి పాకినట్టే. అలాంటి కేబుల్ మార్చడమే మేలు.

రాత్రిబండి

పాజిటివ్ వైపు 0.3 వచ్చింది. నెగటివ్ వైపు 2.1! ముల్లు సరిగా ఆనలేదేమోనని చోటు మార్చి చూశాను, అంతే వస్తోంది.

మీటరు మాస్టారు

దొంగ దొరికినట్టే. సెల్ఫ్‌కు అందుతున్నది లెక్కేయండి: 11.5 లోంచి 0.3, 2.1 తీసేస్తే 9.1. తొమ్మిది వోల్టులతో చల్లటి ఇంజన్‌ను, చిక్కబడ్డ ఆయిల్‌ను తిప్పమంటే ఏ సెల్ఫ్ అయినా మూలుగుతుంది. వేడెక్కాక ఆయిల్ పలచబడుతుంది, సెల్ఫ్‌కు అంత కరెంటు అక్కర్లేదు. కరెంటు తగ్గితే దారిలో పోయేదీ తగ్గుతుంది. అందుకే మీకు పొద్దునే ఈ బాధ.

ఇప్పుడు ఆ 2.1ని రెండు ముక్కలు చేద్దాం. బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకి ఒక కేబుల్ ఉంటుంది, బాడీ నుంచి ఇంజన్‌కో గేరుబాక్సుకో ఇంకో ఎర్త్ పట్టీ ఉంటుంది. నెగటివ్ స్తంభం నుంచి బాడీ లోహానికి ఒక కొలత, బాడీ నుంచి ఇంజన్‌కు ఒక కొలత తీయండి. మీ బండిలో క్లచ్‌కు తీగ కేబుల్ ఉందా? ఉంటే సెల్ఫ్ కొట్టాక దాని చివర మెల్లగా తాకి చూడండి. జాగ్రత్త, కాలవచ్చు.

రాత్రిబండి

నెగటివ్ నుంచి బాడీకి 0.05. బాడీ నుంచి ఇంజన్‌కు 2.0 పైనే. క్లచ్ కేబుల్ నిజంగానే వేడిగా ఉంది! గేరుబాక్సు దగ్గర దాని నల్ల ప్లాస్టిక్ తొడుగు మెత్తబడి, లోపలి స్ప్రింగు చుట్టలు అచ్చు పడినట్టు కనిపిస్తున్నాయి. దీనికీ దానికీ ఏం సంబంధం?

ఇంజన్ గది

ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది, రబ్బరు గుండా కరెంటు పోదు. ఎర్త్ పట్టీ సరిగా లేకపోతే సెల్ఫ్ కరెంటు తిరిగి బ్యాటరీకి చేరడానికి ఇంకో లోహపు దారి వెతుక్కుంటుంది. క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్, గేరు తీగలు, ఏది దొరికితే అది. అవి ఆ పనికి చేసినవి కావు గనుక కాలతాయి. కొందరు క్లచ్ కేబుల్ ఊరికే బిగుసుకుపోతోందని మళ్ళీ మళ్ళీ మారుస్తుంటారు, అసలు రోగం ఎర్త్‌లో ఉంటుంది.

ఖాయం చేసుకోవడానికి ఒక తేలిక మార్గం ఉంది. జంపర్ కేబుల్ ఒకటి తీసుకుని ఒక చివర బ్యాటరీ నెగటివ్ మీద, రెండో చివర ఇంజన్ మీద శుభ్రమైన లావు లోహానికి గట్టిగా పట్టించి సెల్ఫ్ కొట్టండి.

రాత్రిబండి

జంపర్ కేబుల్ పెట్టి పొద్దున కీ తిప్పాను. కొత్త బండిలా గిర్రున తిరిగింది!

తర్వాత బండి కింద దూరి చూశాను. గేరుబాక్సు మీద ఎర్త్ పట్టీ బిగించే చోట బోల్టు ఉంది, వాషరు లేదు. పట్టీ చివర ఉన్న లగ్గు కింద ఆయిల్ మడ్డి, తుప్పు కలిసి పొరలా పట్టేశాయి. వేలితో కదిపితే లగ్గు గిర్రున తిరుగుతోంది. ఆ మధ్య ఒక వర్క్‌షాపులో క్లచ్ ప్లేట్లు మార్పించాను, అప్పుడు గేరుబాక్సు దింపారు. తిరిగి బిగించేటప్పుడు ఆ బోల్టును గట్టిగా బిగించినట్టు లేదు.

మీటరు మాస్టారు

గేరుబాక్సు దింపిన ప్రతి బండికీ ఎర్త్ పట్టీ చూసుకోవాలి. క్లచ్ పని తర్వాత మొదలైన సెల్ఫ్ సమస్య అంటే నా చెయ్యి ముందు అక్కడికే వెళుతుంది.

ముందు బ్యాటరీ నెగటివ్ క్లాంపు తీసేయండి. లగ్గుకు రెండు వైపులా, గేరుబాక్సు మీద, బాడీ మీద లోహం మెరిసేదాకా వైర్ బ్రష్‌తోనో గరుకు కాగితంతోనో గీకండి. బాడీ వైపు పెయింటు కూడా పోవాలి. పళ్ళ వాషరు వేసి గట్టిగా బిగించి, బిగించాక పైన గ్రీజు పూయండి. పట్టీ పోగులు తెగి ఉంటే కొత్తది వేయండి. క్లచ్ కేబుల్ తొడుగు కరిగింది కాబట్టి అది కూడా మార్చుకోవడం మంచిది.

మీ పాత బ్యాటరీ గురించి ఒక మాట. సెల్ఫ్‌కు అడ్డుపడిన ఆ పట్టీయే డైనమో కరెంటుకు కూడా తిరుగుదారి. డైనమో దగ్గర, అంటే దాని లావు బోల్టుకూ దాని ఒంటికీ మధ్య 14.4 ఉన్నా, దారిలో అర వోల్టు పైన పోయి మీ బ్యాటరీకి 13.8 మాత్రమే చేరి ఉంటుంది. అరకొరగా చార్జ్ అవుతూ ఉంటే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. పాతది అలా పోయిందనే నా అనుమానం. పని అయ్యాక అవే లైట్లు, అదే ఫ్యాను వేసి మళ్ళీ కొలవండి.

రాత్రిబండి

పట్టీ కొత్తది వేయించాను. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఎర్త్ వైపు నష్టం ఇప్పుడు 0.1. లైట్లు, ఫ్యాను ఆన్‌లో ఉంచి ఇంజన్ నడిపితే బ్యాటరీ మీద 14.3 వస్తోంది. సెల్ఫ్ మోటారు ముట్టుకోలేదు. అందరికీ చాలా చాలా థ్యాంక్స్, ముఖ్యంగా మాస్టారికి.

కొత్తవాణ్ణి

నా దగ్గర మీటరు లేదు. మీటరు లేకుండా ఏమైనా పసిగట్టవచ్చా?

గేరుబాక్సు

హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టండి. లైట్లు బాగా మసకబారి సెల్ఫ్ మూలిగితే బ్యాటరీ దిగిపోయి ఉండాలి, లేదా క్లాంపులు వదులై ఉండాలి, లేదా సెల్ఫ్ ఎక్కువ లాగుతూ ఉండాలి. లైట్లు ఏమాత్రం తగ్గకుండా సెల్ఫ్ కూడా కదలకపోతే దానికి కరెంటే వెళ్ళట్లేదు. గడగడమని వరసగా టకటక శబ్దం వస్తే ఎక్కువసార్లు బ్యాటరీ డౌన్. ఒక్కటే టక్కుమని ఊరుకుంటే సొలినాయిడ్ కాంటాక్టులో బ్రష్‌లో. ఇవి దారి చూపిస్తాయి, తీర్పు చెప్పవు. చిన్న మీటరు ఒకటి కొనుక్కోండి.

వారాంతం బండి

నా సమస్య వేరు. రోజూ తీస్తే బండి బాగుంటుంది, నాలుగైదు రోజులు నిలబెడితే బ్యాటరీ చచ్చిపోతుంది. 45 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ, కొత్తదే, బయట లోడ్ టెస్టులో (భారం పెట్టి చూసే పరీక్షలో) పాస్ అయింది. ఇంజన్ నడుస్తుంటే 13.9 వస్తోంది కాబట్టి డైనమో బాగుందన్నారు. మ్యూజిక్ సిస్టమ్ పీకేసి చూశాను, తేడా లేదు.

ఇంజన్ గది

బండి నిద్రపోతున్నప్పుడు ఎంత తాగుతోందో కొలవాలి. అన్నీ ఆఫ్ చేసి, బోనెట్ తెరిచి, డోరు లాచ్‌ను స్క్రూడ్రైవర్‌తో మూసి బండికి డోరు మూసినట్టు నమ్మించండి. కీలెస్ అయితే తాళం దూరంగా పెట్టండి. మీటరును 10 ఆంపియర్ల సాకెట్‌లోకి మార్చి, నెగటివ్ స్తంభానికీ తీసిన క్లాంపుకీ మధ్య వరసలో పెట్టాలి. మీటరు పెట్టి ఉండగా సెల్ఫ్ కొట్టడం గానీ హెడ్‌లైట్లు వేయడం గానీ చేయకండి, మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది.

మొదట్లో ఒకటి రెండు ఆంపియర్లు చూపిస్తే కంగారుపడొద్దు. కంప్యూటర్లన్నీ నిద్రపోవడానికి ఇరవై నిమిషాల నుంచి గంట దాకా పడుతుంది. ఆ తర్వాత 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే మామూలు. పని కాగానే ఎర్ర ముల్లును వోల్టుల సాకెట్‌లోకి మార్చండి. మరిచిపోయి ఆంపియర్ల సాకెట్‌తోనే బ్యాటరీ వోల్టేజీ కొలిస్తే నేరుగా షార్టే.

వారాంతం బండి

గంట తర్వాత కూడా 0.42 ఆంపియర్లు.

ఇంజన్ గది

రోజుకు పది ఏహెచ్ పోతున్నట్టు. 45లోంచి నాలుగు రోజుల్లో 40 పోతే ఇక సెల్ఫ్ తిరగదు, మీరు చెప్పిన లక్షణంతో లెక్క సరిపోయింది.

ఇప్పుడు ఫ్యూజులు పీకొద్దు, పీకి పెడితే ఏదో ఒక కంప్యూటర్ మేలుకుంటుంది. ప్రతి ఫ్యూజు తల మీద రెండు చిన్న లోహపు చుక్కలు ఉంటాయి. మీటరును మిల్లీవోల్టుల రేంజ్‌లో పెట్టి రెండు చుక్కల మీదా ముల్లులు ఆనించండి. కచ్చితంగా సున్నా అయితే ఆ ఫ్యూజు గుండా కరెంటు పోవట్లేదు. ఏ కొంచెం చూపించినా అటువైపు ఏదో మేలుకుని ఉంది.

వారాంతం బండి

లోపలి బాక్సు, బోనెట్ కింద బాక్సు అన్నీ చూశాను. ఒకటి రెండు చోట్ల అతి చిన్న అంకెలు తప్ప ఏమీ లేదు. 0.42 మాత్రం అలాగే ఉంది.

మీటరు మాస్టారు

ఫ్యూజు బాక్సుల గుండా పోకపోతే మిగిలింది నేరుగా వెళ్ళే లావు కేబుళ్ళు: సెల్ఫ్, డైనమో. పొద్దున ఇంజన్ పూర్తిగా చల్లారి ఉండగా డైనమో వెనక భాగం మీద చెయ్యి వేసి చూడండి. తర్వాత బ్యాటరీ నెగటివ్ తీసి, డైనమో లావు కేబుల్ విప్పి, దాని చివర టేపు చుట్టి, మళ్ళీ కొలవండి.

వారాంతం బండి

ఇంజన్ బ్లాకు చల్లగా ఉంది, డైనమో వెనక మాత్రం గోరువెచ్చగా ఉంది! కేబుల్ విప్పి, నిద్రపోయేదాకా ఆగి చూస్తే 0.03 ఆంపియర్లు.

మీటరు మాస్టారు

డైనమో లోపలి డయోడు లీక్ అవుతోంది. డయోడ్లు ఏసీని డీసీ చేయడమే కాదు, బండి ఆగాక బ్యాటరీ కరెంటు వెనక్కి పోకుండా తలుపులా ఆపుతాయి కూడా. ఒకటి చెడినా మిగతావి నెట్టుకొస్తాయి, మీటరు మీద 13.9 కనిపిస్తుంది. కేబుల్ తిరిగి బిగించాక ఇంజన్ నడుపుతూ లైట్లు వేసి, మీటరును ఏసీ రేంజ్‌లో పెట్టి బ్యాటరీ మీద కొలవండి. అర వోల్టు దాటితే అనుమానమే లేదు. అయితే కొన్ని చవక మీటర్లు ఏసీ రేంజ్‌లో డీసీని కూడా కలిపేసుకుని ముప్ఫై లాంటి అంకె చూపిస్తాయి. ముల్లులు తారుమారు చేస్తే సున్నా వస్తుంది. అలాంటి మీటరు ఈ పనికి పనికిరాదు.

కొత్తవాణ్ణి

మా అక్క కారు కొత్త మోడల్. హైవే మీద వెళ్తుంటే 12.8 చూపిస్తోంది. దానికీ డయోడేనా?

ఇంజన్ గది

కాకపోవచ్చు. ఇప్పటి చాలా బండ్లలో డైనమో ఎంత ఇవ్వాలో ఈసీయూ నిర్ణయిస్తుంది. బ్యాటరీ నిండుగా ఉంటే ఇంధనం ఆదా కోసం తగ్గించేస్తుంది, యాక్సిలరేటర్ మీద కాలు తీసి బండి నెమ్మదించేటప్పుడు 14.5 పైకి పెంచుతుంది. హెడ్‌లైట్లు వేసి చూడండి, పెరిగితే అంతా సవ్యమే. అలాంటి బండికి నెగటివ్ క్లాంపు మీద చిన్న సెన్సార్ ఉంటుంది. చార్జర్ నెగటివ్ స్తంభానికి కాకుండా బాడీ ఎర్త్‌కు పెట్టాలి, లేకపోతే సెన్సార్ లెక్క తప్పుతుంది. స్టార్ట్-స్టాప్ (బండి ఆగినప్పుడల్లా ఇంజన్ తానే ఆగి మళ్ళీ స్టార్ట్ అయ్యేది) ఉంటే అందులో ముందున్న రకమే, ఏజీఎం లేదా ఈఎఫ్‌బీ బ్యాటరీయే మళ్ళీ వేయించండి.

వారాంతం బండి

డయోడు ప్లేటు మార్పించాను. ఏసీ రేంజ్‌లో ముందు 0.8 ఉండేది, ఇప్పుడు దాదాపు ఏమీ లేదు. నిద్రలో 0.03. బ్యాటరీ మాత్రం ఇంకా 11.9 దగ్గరే ఉంది. ఎవరైనా వేరే బండి బ్యాటరీతో జంప్ చేస్తే స్టార్ట్ చేసి ఒక గంట తిప్పుకొస్తే నిండిపోతుందా?

మీటరు మాస్టారు

నిండదు. అంత దిగిన బ్యాటరీని నింపమంటే డైనమో చాలాసేపు పూర్తి భారంతో కాలుతుంది, కొత్త డయోడ్లకు అది మంచిది కాదు. చార్జర్ పెట్టి నెమ్మదిగా, 45 ఏహెచ్‌కి నాలుగున్నర ఆంపియర్ల దగ్గర రాత్రంతా ఎక్కించండి. గాలి ఆడే చోట పెట్టండి, చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది.

ఎప్పుడైనా జంప్ చేయాల్సి వస్తే ఎర్రది ముందు దిగిన బ్యాటరీ పాజిటివ్‌కు, తర్వాత మంచి బ్యాటరీ పాజిటివ్‌కు. నల్లది మంచి బ్యాటరీ నెగటివ్‌కు, చివరిది దిగిన బండి ఇంజన్ లోహానికి, బ్యాటరీకి దూరంగా. చివరి కనెక్షన్ దగ్గర నిప్పురవ్వ వస్తుంది, అది ఆ గ్యాసు పక్కన రాకూడదు.

చార్జర్ తీశాక వెంటనే కొలవకండి, పైపై చార్జి వల్ల ఎక్కువ చూపిస్తుంది. కొన్ని గంటలు వదిలేసి చూడండి. 12.6 నిలబడితే బ్యాటరీ బతికినట్టే. పది, పదిన్నర దగ్గరే ఆగిపోతే ఒక సెల్లు పోయింది, చార్జర్ దాన్ని బాగు చేయలేదు. 12.3 దగ్గర ఆగితే ఇంకోసారి ఎక్కించి, మళ్ళీ లోడ్ టెస్టు చేయించండి.